డోలీ, ఉయ్యాల, మా మామ

మా మామ బరువు 112 కిలోలు. ఈ సంగతి ఆయన్ని అడిగే రాస్తున్నాను.

పోయిన వేసవి సెలవుల్లో మేమంతా హొగేనకల్ పోయి, తిరిగి వస్తూ మా చిన్నాన్న మామిడితోపులో ఒక రాత్రి ఆగినాం. అక్కడ రెండు చెట్ల నడుమ వల ఉయ్యాల కట్టింది నేనే. వల కిందికి జారితే చూడడానికి బాగుండదని తాడును బాగా బిగించి కట్టినాను. పిల్లలం ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం పడుకొని ఊగినాం. ఏమీ కాలేదు. మామ కూర్చోగానే తలవైపు తాడు పుటుక్కున తెగింది. ఆయన నడుము పట్టుకొని చాలాసేపు లేవలేదు. అందరూ మొదట భయపడినారు, తర్వాత నవ్వినారు. "ఏనుగుకు ఉయ్యాల ఎందుకు?" అని ఎవరో అన్నారు. మామ కూడా నవ్వినాడు గాని ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. కట్టింది నేను, మాట పడింది ఆయన. అది నాకు బాగా గుచ్చుకుంది.

చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు అందుకే ఉయ్యాల మంచం చరిత్రను తీసుకున్నాను.

ఈ వల ఉయ్యాల అమెరికా ఖండపు ఆదివాసులది. 1492లో కొలంబస్ బహామా దీవులకు చేరినప్పుడు అక్కడివాళ్లు నూలు వలల్లో పడుకోవడం చూసినాడు. వాళ్ల టైనో భాషలో దాని పేరు హమాకా. ఇంగ్లీషులో హామక్ అనేది ఆ మాటే. ఓడవాళ్లకు ఇది బాగా పనికొచ్చింది. ఓడ ఎటు ఒరిగినా మనిషి దొర్లి పడడు, పొద్దున చుట్టి పక్కన పెట్టేయవచ్చు. 1597లో ఇంగ్లండు నౌకాదళం కూడా దీన్ని తీసుకుంది. తర్వాతి కాలంలో ఒక్కో నావికుడికి ఉయ్యాల కట్టుకోవడానికి 14 అంగుళాల వెడల్పు ఇచ్చేవాళ్లట. మా మామకైతే ఒక భుజానికి సరిపోతుంది! వాళ్లు కట్టే పద్ధతి మాత్రం గమనించాలి. గుడ్డ కొసలో వరుసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో సన్నతాడు, అవన్నీ కలిసి ఒక ఇనుప రింగులోకి. గుడ్డ మీది బరువును అన్ని తాళ్లూ పంచుకుంటాయి. నేను వల కొసనంతా ఒకే ముడిలోకి దూర్చినాను.

మనకు కూడా వేలాడే పడక కొత్తది కాదు. డోల అంటే సంస్కృతంలో ఉయ్యాల. డోలీ అందులోంచే వచ్చింది. గట్టి కర్రకు గుడ్డను రెండు కొసల్లో కట్టి, మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు. కుంపిణీ సైన్యంలో గాయపడిన సిపాయిలను డోలీల్లోనే మోసేవాళ్లు. పల్లకీలు మోసేవాళ్లను తెలుగులో బోయీలు అంటారు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో 'బాయ్' అనే మాటకు పల్లకీ మోసేవాడు అని ఒక అర్థం ఉంది, అది మన బోయీ నుంచే వచ్చిందని రాసినారు.

మా ధర్మపురికి వస్తాను. 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాన్ బారామహల్‌ను కుంపిణీకి ఇచ్చేసినాడు. అప్పుడు ఇక్కడ పరిపాలనకు వచ్చిన కెప్టెన్ రీడ్ కింద థామస్ మన్రో 1799 వరకు పనిచేసినాడు. 1800లో మన్రో దత్తమండలాలకు పోయి, ఏళ్ల తరబడి గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగి పన్ను లెక్కలు తేల్చినాడు. ఈనాటి మాటలో చెప్తే పెద్ద క్యాంపర్. ఆయన పేరు పాఠాల్లో ఉంది. దొరల సామాన్లు మోసిన మనుషుల పేర్లు నేను చదివిన ఏ పాఠంలోనూ లేవు.

మా అవ్వకు డోలీ పుస్తకంలో మాట కాదు, చిన్నప్పుడు కళ్లారా చూసింది. మా జిల్లా కొండ ఊళ్ల నుంచి జబ్బుపడినవాళ్లను డోలీలో దించిన వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తాయి. ఆంధ్రలో అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి కూడా. పెన్నాగరం దగ్గర కోట్టూరు మలైకి ఎన్నికల యంత్రాలు గాడిదల మీద ఎక్కినాయి. మనిషిని గాడిద మీద పడుకోబెట్టలేరు కదా. నా ఉయ్యాల సంగతి చెప్తే అవ్వ ఒకటే అడిగింది: "లోతుగా వదిలినావా, బిగించినావా? డోలీ గుడ్డ ఎప్పుడూ లోతుగా వేలాడాలి రా."

అవ్వ మాట నిజమా అని పదో తరగతి త్రికోణమితితో లెక్క వేసినాను. తాడు అడ్డగీతకు 30 డిగ్రీలు కిందికి వాలితే, సైన్ విలువ అర కాబట్టి, మామ కూర్చున్నప్పుడు ఒక్కో వైపు తాడు మీద పడే లాగుడు 112 కిలోలు. 10 డిగ్రీలే వాలితే 322. నేను కట్టినట్టు 5 డిగ్రీలుంటే 640 దాటుతుంది. పైగా అది రెండేళ్లు ఎండలో బట్టలు ఆరేసిన నైలాన్ తాడు. ఎండకు నైలాన్ బలం తగ్గుతుంది, ముడి వేసిన చోట ఇంకా తగ్గుతుంది. 40 కిలోల పిల్లవాడు పడుకున్నా ఆ తాడు మీద 230 కిలోల లాగుడు పడింది. అంటే మేం ఊగినప్పుడే అది తెగడానికి సిద్ధంగా ఉంది. మామ వంతుకు తెగింది, అంతే.

దసరా సెలవుల్లో మళ్లీ కట్టినాను. ఈసారి లారీలో సరుకు బిగించే వెడల్పాటి పాలియెస్టర్ పట్టీలు తెచ్చినాం. అవి చెట్టు బెరడును కోయవు. పట్టీ మీద రెండు అంకెలు అచ్చువేసి ఉంటాయి: తెగే బరువు, మోయించదగిన బరువు. కొనేటప్పుడు రెండోది చూడాలి. చెట్టు నుంచి రెండడుగులు ఇవతలికి వచ్చేసరికి పట్టీ అడుగుకు పైగా దిగేలా వదిలినాను. మామ కూర్చుంటే నేలకు కుర్చీ ఎత్తు కంటే ఎక్కువ ఉండకూడదని కూడా చూసుకున్నాను.

మామ దగ్గరికి రాలేదు. "ముందు బియ్యం మూటలు ఎక్కించు" అన్నాడు. 50 కిలోల మూటలు మూడు ఎక్కించి, సాయంత్రం దాకా వదిలేసినాం. పట్టీ కొంచెం సాగింది, ముడులు జరగలేదు. మూటలు దించినాక మామ ఒక చేత్తో చెట్టు పట్టుకొని మెల్లగా కూర్చున్నాడు. తర్వాత కాళ్లు పైకి తీసినాడు. అవ్వ వచ్చి చూసేసరికి ఆయన నిద్రపోతున్నాడు, చెప్పులు కూడా విప్పలేదు.