కాలి వాపు కథ – హార్వే నుంచి హీత్రూ దాకా

మా అమ్మ మొదటిసారి లండన్ వచ్చిన మూడో రోజున ఎడమ కాలు వాచింది. "నీరు దిగిందిలేరా, కాళ్ళు ఎత్తు మీద పెట్టుకుంటే అదే తగ్గుతుంది" అంది. నేనూ సరేనన్నాను. మాది భీమవరం దగ్గర పల్లె. అక్కడ కాలు వాచిందంటే ముందుగా తట్టేది బోదకాలు. అది కాదనుకుంటే ఇక భయం లేదన్నమాటే! పిక్క నొప్పెడుతోందన్నా ప్రయాణ బడలికే అనుకున్నాను. మర్నాడు మా జీపీ రెండు పిక్కలనీ టేపుతో కొలిచి చూసి, అప్పటికప్పుడు ఆస్పత్రికి పంపారు. స్కానులో బయటపడింది: కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. మందు సమయానికి పడింది గనుక గండం గడిచింది. ఆ ఒక్క రోజు ఆలస్యం మాత్రం నాదే. ఈ సంగతులన్నీ చదవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను.

మన బోదకాలు భయం ఊరికే పుట్టింది కాదు. గోదావరి జిల్లాలు తరతరాలుగా ఆ జబ్బును చూశాయి. దాన్ని కలిగించే పురుగు దోమలోకి చేరి ఎదుగుతుందని 1877లో చైనాలోని అమోయ్‌లో కనిపెట్టినవాడు పాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు. 1899లో లండన్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్య పాఠశాల స్థాపించింది కూడా ఆయనే. ఆ పురుగు మీద పనిచేసే హెట్రజాన్ మందు 1940ల చివర్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, సాక్షాత్తూ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో తయారైంది. ఇది చెప్పుకోకుండా ముందుకు పోవడానికి నాకు మనసొప్పలేదు!

అయితే బోదకాలులో దెబ్బతినేవి లింఫు నాళాలు. అమ్మకు వచ్చింది సిరల జబ్బు. మన ఇళ్ళల్లో "కాళ్ళ మీద నరాలు తేలాయి" అంటాం. నిజానికి అవి నరాలు కావు, రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలు.

ఆ సిరల గుట్టు విప్పినవాడు కెంట్‌లోని ఫోక్‌స్టోన్‌లో 1578లో పుట్టిన విలియం హార్వే. ఇటలీలోని పాడువాలో ఆయన గురువు ఫాబ్రిషియస్ సిరల్లో చిన్న చిన్న తలుపులున్నాయని చూపించాడు గానీ, అవి ఎందుకున్నాయో సరిగ్గా చెప్పలేకపోయాడు. హార్వే జబ్బకు కట్టు కట్టి, ముంజేతి మీద ఉబ్బిన సిరను వేలితో అరచేతి వైపు తోసి చూశాడు. రక్తం ఆ తలుపు దాటి వెనక్కి పోలేదు. అంటే సిరల్లో దారి ఒకవైపే, గుండె వైపే. 1628లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ ప్రయోగం బొమ్మలతో సహా ఉంది.

మనం నిలబడినప్పుడు పాదాల నుంచి రక్తం పైకెక్కాలంటే పిక్క కండరాలు పిండాలి, ఆ తలుపులు దాన్ని కిందికి జారకుండా పట్టుకోవాలి. తలుపులు చెడితే రక్తం కిందే నిలిచి సిరలు ఉబ్బుతాయి, నీరు బయటికి ఊరి చీలమండ వాస్తుంది, కొన్నేళ్ళకు చర్మం నల్లబడి పుండు పడుతుంది. లండన్ సర్జన్ జాన్ గే ఆ పుండ్లకు పైకి తేలిన సిరలొక్కటే కారణం కాదనీ, లోపలి సిరల్లో గడ్డలు కూడా ఉంటాయనీ 1860లలోనే చెప్పాడు.

నన్ను అన్నిటికంటే కదిలించింది 1940 నాటి ఘట్టం. జర్మన్ బాంబుల భయానికి లండన్ జనం రాత్రంతా షెల్టర్లలో తలదాచుకునేవారు. పడుకునే చోటు లేక చాలామంది గుడ్డ కుర్చీల్లోనే కూర్చుని నిద్రపోయేవారు. ఆ కుర్చీ ముందు కర్ర తొడల వెనక నొక్కుకునేది. గైస్ ఆస్పత్రి పాథాలజిస్టు కీత్ సింప్సన్, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడి చనిపోయినవారు ముందు ఏడాదికంటే ఆరు రెట్లు పెరిగారని గమనించి, ఆ సంవత్సరమే లాన్సెట్ పత్రికలో రాశాడు. బాంబు తగలకుండానే, కేవలం కూర్చుని!

ఆ కుర్చీయే తర్వాత విమానం ఎక్కింది. చాలాసేపు విమానంలోనూ కారులోనూ కూర్చున్నవారికి గడ్డలు కట్టిన సంగతి 1954లో బోస్టన్ వైద్యుడు జాన్ హోమన్స్ ప్రచురించాడు. కానీ బ్రిటన్‌లో ఇది ఇంటింటి మాటైంది 2000 అక్టోబరులో, సిడ్నీ నుంచి వచ్చిన 28 ఏళ్ళ యువతి హీత్రూలో దిగి కుప్పకూలి మరణించాక. మరుసటి నెలలోనే హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ విమాన ప్రయాణం, ఆరోగ్యంపై నివేదిక ఇచ్చింది. 2001లో జాన్ స్కర్ బృందం యాభై దాటిన ప్రయాణికులను పరీక్షించగా, బిగుతు మేజోళ్ళు వేసుకోనివారిలో పదిశాతం మందికి పైకి తెలియని గడ్డలు కనిపించాయి. వేసుకున్నవారిలో ఒక్కరికీ లేవు. బాధితులు నష్టపరిహారం కోసం లార్డ్స్ దాకా వెళ్ళారు గానీ, ఇది వార్సా ఒప్పందం ప్రకారం "ప్రమాదం" కిందికి రాదని 2005లో తీర్పు వచ్చింది. చట్టానికి అది ప్రమాదం కాకపోవచ్చు, మా ఇంట్లో మాత్రం అయింది.

మరీ బెదరనక్కర్లేదు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, నాలుగు గంటలు దాటిన ప్రయాణం తర్వాత ఈ గడ్డ వచ్చేది సుమారు ఆరువేల మందిలో ఒకరికి. రెండు కాళ్ళూ వాస్తే గుండె, మూత్రపిండాలు, ఒక్కోసారి మనవాళ్ళు వేసుకునే ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రలు కూడా కారణం కావచ్చు. అది డాక్టరు తేల్చాలి. కానీ ఒక్క కాలే వాచి, నొప్పెట్టి, వెచ్చబడితే ఆ రోజే చూపించుకోవాలి. దానికి తోడు ఆయాసమో గుండెలో నొప్పో వస్తే 999కి ఫోను చెయ్యాలి.

తిరుగు ప్రయాణానికి డాక్టరు సరేనన్నాకే టిక్కెట్టు కొన్నాం. చీర కింద మోకాళ్ళ దాకా ఈ మేజోళ్ళేమిటని అమ్మ గొణుగుతూనే వేసుకుంది. హైదరాబాదులో దిగి ఫోను చేసింది. "గంటకోసారి లేచి నడిచానురా. పక్క సీటాయన పాపం, చివరికి కిటికీ సీటు తను తీసుకుని నన్ను ఇవతల కూర్చోమన్నాడు."