వైఫై ఛానెళ్లపై ప్రాంతీయ పరిమితులు

మొబైల్ ఫోన్ ఏ వైఫై ఛానెళ్లు వాడవచ్చో ఆయా దేశాల స్పెక్ట్రమ్ నిబంధనలు నిర్ణయిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 14 ఛానెళ్లున్నాయి. అమెరికా పరికరాలు సాధారణంగా 11తో ఆగిపోతాయి. భారత్ 2005లో 2400-2483.5 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది కనుక ఇక్కడ 13 వరకు పనిచేస్తాయి. 14వది జపాన్‌కే పరిమితం.

మంగళగిరి, విజయవాడల్లో ఈ తేడా బయటపడేది అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ఫోన్లతోనే. ఇంట్లో రౌటర్ తనంతట తాను 12 లేదా 13వ ఛానెల్‌కు మారితే, పక్కవాళ్ల ఫోన్‌లో కనిపించే నెట్‌వర్క్ పేరు అమెరికా ఫోన్ జాబితాలో అసలు కనిపించకపోవచ్చు. నింద మాత్రం ఇంటర్నెట్ కంపెనీ మీద పడుతుంది! చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు మొబైల్ నెట్‌వర్క్ పంపే దేశ సంకేతాన్ని (భారత్‌కు 404, 405) చూసి ఛానెళ్లను సవరించుకుంటాయి. కొన్నిటిలో తయారీనాటి పరిమితి అలాగే ఉండిపోతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో భారత్ 2018 అక్టోబరులో నిబంధనలను బాగా సడలించింది. ఈ బ్యాండ్‌లోని కొన్ని ఛానెళ్లలో రాడార్ సంకేతం వినబడితే రౌటర్ తప్పుకోవాలి. మచిలీపట్నం వాతావరణ రాడార్ పనిచేసేది వేరే బ్యాండ్‌లో (ఎస్-బ్యాండ్). దానికీ ఈ నియమానికీ సంబంధం లేదు. 6 గిగాహెర్ట్జ్ దిగువ భాగంపై 2025 మేలో ముసాయిదా నియమాలు వెలువడ్డాయి.

నెట్‌వర్క్ కనిపించకపోతే ఫోన్‌లో దేశాన్ని మార్చే యాప్‌ల జోలికి పోనక్కరలేదు. రౌటర్ సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్‌ను 1, 6, 11లలో ఒకదానికి స్థిరపరిస్తే చాలు.