పాంచాలంకురిచ్చి దుర్గభేదనము: బలహీనతల పరంపర

మధుర నుండి తిరునెల్వేలికి పోవు రాజమార్గమున విరుదునగరము, సాత్తూరు, కోవిల్పట్టి, కయత్తారు వరుసగా వచ్చును. ఈ నల్లరేగడి సీమలో రాజకంబళ నాయకులు, కమ్మవారు, రెడ్లు శతాబ్దములుగా ఇండ్లలో తెలుగు మాటలాడుచు నివసించుచున్నారు. కోవిల్పట్టికి తూర్పున ఎట్టయపురమును, దాని కావల ఓట్టపిడారము చెంత పాంచాలంకురిచ్చియు కలవు. ఈ రెండు పాళెములను ఏలినవారును తెలుగువారే. పాంచాలంకురిచ్చి పతనమునకు ఫిరంగి బలమే కారణమని పలువురు తలంతురు. చరిత్రను నిదానించి చూచినచో, ఒక్క లోపము వలన ఏ కోటయు పడలేదనియు, ఒక లోపము మరియొక దానికి త్రోవ చూపినదనియు విశదమగును.

1799 సెప్టెంబరు 5వ తేదీన మేజర్ బానర్మన్ కోటను ముట్టడించి విఫలుడయ్యెను. అది రాతికోట కాదు. మట్టిగోడ, దాని చుట్టును దట్టమైన ముండ్లకంచె. మట్టిగోడలో గుండు దిగబడునే గాని గోడ సులభముగా పగులదు. అయినను పాళెయగాండ్ర మధ్య ఐకమత్యము లేకుండెను. పెద్ద ఫిరంగులు వచ్చుచున్నవని తెలిసి కట్టబొమ్మన కోట విడిచి పోగా, ఎట్టయపురపు సేన వెన్నాడెను. పుదుక్కోట రాజ్యమున ఆయన పట్టువడెను. అక్టోబరు 16న కయత్తారులో ఉరితీయబడెను. కోట నేలమట్టమయ్యెను. గోడలో లేని సందు బంధువర్గములో దొరికినది.

కంపెనీ వారు గెలిచితిమని నిశ్చింతగా నుండిరి. ఆ నిశ్చింతయే వారికి శత్రువయ్యెను. కట్టబొమ్మన తమ్ముడు ఊమైదొర మున్నగువారు పాళయంకోట కోటలో బందీలుగా నుండిరి. ఆ యుద్ధమున పాల్గొన్న జేమ్స్ వెల్ష్ తన స్మృతులలో ఈ కథను వివరించెను. బందీలలో మశూచి పుట్టినందున వారి సంకెళ్లు తొలగింపబడియుండెను. సేనలోని ముఖ్యభాగము శంకరనయినారు కోవిలలో విడిసియుండెను. 1801 ఫిబ్రవరి 2వ తేదీన అధికారులు మేజర్ మెకాలే తోటయింట విందారగించుచుండిరి. ఆ సమయమున బందీలు తమ కావలివారిని లోబరచుకొని, పిదప కోటద్వారపు కావలివారి ఆయుధములను లాగికొని, తెల్లవారునప్పటికి సుమారు 30 మైళ్ల దూరములోనున్న పాంచాలంకురిచ్చి చేరిరి.

సంకెళ్లు మాత్రమే లేకున్నచో ద్వారము ఆపియుండును. ద్వారము మాత్రమే తెరచుకొన్నచో సేన వెంబడించియుండును. మూడును ఒక్కరాత్రి కూడివచ్చుటచే కోట వృథా అయ్యెను. కొద్ది దినములలో మెకాలే సేనతో వచ్చి చూడగా, తాము నేలమట్టము చేసిన గోడలు తిరిగి లేచియుండెను. వానిపై సుమారు 1500 మంది యోధులు నిలిచియుండిరి.

మార్చి 31న జరిగిన దాడి కంపెనీకి ఘోరనష్టము మిగిల్చెను. కడకు కర్నల్ ఆగ్న్యూ పెద్ద ఫిరంగులతో గోడకు విశాలమైన గండి కొట్టించి మే 24న కోటను పట్టెను. గాయపడి రణరంగమున పడియున్న ఊమైదొరను, తన కుమారుని వెదకికొనుచు వచ్చిన ఒక గ్రామీణస్త్రీ కాపాడెననియు, ఎట్టయపురము వారు వెదకికొనుచు రాగా మశూచితో మరణించిన శవమని చెప్పగా వారు భయపడి తొలగిపోయిరనియు వెల్ష్ వ్రాసెను. సంకెళ్లు విప్పించిన వ్యాధియే రెండవమారును ఆయనకు రక్ష అయ్యెను! అయినను అదే సంవత్సరము నవంబరులో ఆయన పట్టువడి ఉరితీయబడెను.

కంప్యూటరు యుగమునందును ఈ నీతి మారలేదు. 2010లో బయల్పడిన స్టక్స్‌నెట్ అను క్రిమి, విండోస్‌లో అంతవరకు ఎవరికిని తెలియని నాలుగు లోపములను జతపరచి, చిన్న యుఎస్‌బి పరికరముల ద్వారా లోనికి ప్రవేశించి, ఇరానులోని నతాంజ్ అణుకేంద్రపు యంత్రములను చెడగొట్టెను. ఆ కేంద్రము బయటి జాలములతో కలియకుండ వేరుచేయబడినదే. పరికరమును చేతబట్టి లోనికి తెచ్చు మనుష్యుడే అచట తెరచిన ద్వారము.

తమిళనాడు ప్రభుత్వము 1974లో పాంచాలంకురిచ్చిలో స్మారకదుర్గమును నిర్మించెను. దానిని దర్శించు తెలుగువారు గోడల ఎత్తును చూచి మురియుటతో తృప్తి పడరాదు. ఎట్టయపురము అచటికి ఎంత సమీపమో కూడ గమనింపవలెను. గోడను వెలుపలివాడు కొట్టును; గండిని చూపువాడు తరచుగా లోపలివాడే.