మట్టి కొలిమిలో ఇనుము

భోగాపురంలో పదో తరగతికి లోహసంగ్రహణ పాఠం చెబుతూ బోర్డు మీద బ్లాస్ట్ ఫర్నేస్ బొమ్మ గీశాను. ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక పిల్లడు లేచి, "మాస్టారూ, ఈ ఫర్నేసు లేనప్పుడు మనోళ్ళకి గొడ్డలి ఎక్కడిది?" అన్నాడు. ఈ వ్యాసం వాడి కోసమే.

మధ్య భారతంలో అగరియాలు, జార్ఖండ్‌లో అసురులు తరతరాలుగా రాతి నుంచి ఇనుము తీశారు. అగరియాల మీద వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పుస్తకమే రాశాడు. వాళ్ళ కొలిమి మట్టిది, మనిషి ఎత్తు కూడా ఉండదు. అందులో గుగ్గిలం కర్ర బొగ్గు, ఇనుపరాయి ముక్కలు వేసి, కాళ్ళతో తిత్తులు తొక్కి గాలి ఊదేవారు.

ఇనుపరాయి అంటే ఆక్సిజన్‌తో కలిసి ఉన్న ఇనుము. బొగ్గు కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఆ ఆక్సిజన్‌ను లాక్కుని కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఇనుము మిగులుతుంది. పుస్తకంలో ఉన్నదీ ఇదే చర్య. తేడా వేడిలో ఉంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. మట్టి కొలిమిలో వేడి సుమారు 1200 డిగ్రీలు. అందుకే ఇనుము కరగదు, బొరియలున్న ముద్దగా మిగులుతుంది. రాతిలోని మట్టిభాగం మాత్రం కరిగి చిట్టెంగా కారిపోతుంది. ముద్దను వేడి మీదే సుత్తితో కొడితే మిగిలిన చిట్టెం బయటికి వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్ ఇనుము సుమారు 4 శాతం కర్బనం పట్టి పెళుసుగా ఉంటుంది, దాన్ని మళ్ళీ శుద్ధి చేయాలి. మట్టి కొలిమి ఇనుము నేరుగా సుత్తికి లొంగుతుంది. అయితే చాలా ఇనుము చిట్టెంలోనే పోతుంది, ఆ మాటా చెప్పాలి.

నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో మూసి కాల్చి ఉక్కు చేసేవారు. దాని కోసం పర్షియా వర్తకులు అక్కడికి వచ్చేవారు. అది ఆదివాసుల పని అని నేను చెప్పుకోను. కానీ ఉక్కుకు ముందు ఇనుము కావాలి, ఇనుముకు బొగ్గు, బొగ్గుకు అడవి కావాలి.

అడవి దగ్గరే దెబ్బ తగిలింది. 1878 అటవీ చట్టం, మన వైపు 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో అనుమతి లేకుండా బొగ్గు కాల్చడం నేరమైంది. రైలెక్కి ఇంగ్లండు ఇనుము చవకగా దిగింది. కొలిమి చల్లారింది చేతకాక కాదు.

ఇప్పుడు బైలదిలా ఇనుపరాయి కొత్తవలస మీదుగా రైళ్ళలో విశాఖకు పోతోంది. తోటి మాస్టార్లకు ఒక మాట: మీ ఊరి కొండవాలులో నల్లగా, బరువుగా, బుడగలు పేలినట్టున్న రాయి కనిపిస్తే పారేయకండి. అయస్కాంతం పెట్టి చూడండి, దొరికిన చోటు రాసిపెట్టండి, అక్కడి ముసలివాళ్ళని పిల్లల చేత అడిగించండి.