బడికి దారి: రంగారెడ్డి జిల్లాలో బ్రిడ్జి క్యాంపులు

చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య స్మృత్యర్థం 1981లో పరిశోధన సంస్థగా ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, 1991 నుంచి ఆయన మనుమరాలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు శాంతా సిన్హా నాయకత్వంలో, రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతానికి, అంటే పెద్దలు చేసిన అప్పు కింద ఆసామి ఇంట చాకిరీకి, కుదిరిన పిల్లలను విడిపించే పనికి పూనుకున్నది. 1986 నాటి బాలకార్మిక చట్టం కొన్ని పనులను మాత్రమే నిషేధించి, పశువుల కాపును, సొంత ఇంటి చాకిరీని వదిలివేయగా, బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాలకార్మికుడేనని ఈ సంస్థ నిర్ద్వంద్వంగా చెప్పింది. ఆ ఉద్యమానికి ప్రాణం ఈ నిర్వచనమే.

పదేళ్లు దాటిన పిల్లను ఒకటో తరగతిలో పసివారి పక్కన కూర్చోబెడితే సిగ్గుపడి మళ్లీ పనికే పోయే ప్రమాదం ఉన్నందున, కొన్ని నెలలు అక్కడే ఉండి చదువుకొని వయసుకు తగిన తరగతిలో చేరేందుకు సిద్ధం చేసే వసతి శిబిరాలు, అనగా బ్రిడ్జి క్యాంపులు, వెలిశాయి. అంతకన్నా కఠినమైన పని ఊళ్లలోనే సాగింది: గ్రామ యువకులు, ఉపాధ్యాయులు, పంచాయతీ సభ్యులు ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులతోనూ యజమానులతోనూ ఓపికగా మాట్లాడారు. పేదరికం తీరేదాకా పిల్లల పని తప్పదన్న వాదాన్ని, బిడ్డ చదువు కోసం తామే అదనపు కష్టం తలకెత్తుకున్న కూలి తల్లులు ఆచరణలో తోసిపుచ్చారు. ఈ చరిత్రలో అన్నిటికన్నా గౌరవించదగినది వారి నిర్ణయమే.

ఈ కృషికి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం లభించింది. 2009 విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ వయసుకు తగిన తరగతిలో ప్రవేశాన్ని, ప్రత్యేక శిక్షణను హక్కుగా గుర్తించింది.