కావలి దేవుడి ఒళ్లో రాజు

ఇలా దగ్గరికి జరుగు నాయనా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. రాజుల కథలంటే నీకు ఆవలింతలొస్తాయని నాకు తెలుసులే. ఇది రాజు కథ కాదు, ఒక గుడి కాపరి కథ. మధ్యలో రాజులు నలుగురైదుగురు అడ్డమొస్తారు, కాస్త ఓపిక పట్టాలి మరి.

రోము నగరం నడిబొడ్డున కాపిటోల్ అని ఒక గుట్ట. దాని నెత్తిన జూపిటర్ గుడి. యుద్ధం గెలిచి ఊరేగింపుగా వచ్చిన ఎంతటి మొనగాడైనా చివరికి ఆ గుట్టెక్కి మొక్కు చెల్లించుకోవాల్సిందే. అలాంటి చోట క్రీస్తుశకం 69 డిసెంబరులో రోమన్లూ రోమన్లే తలలు పగలగొట్టుకున్నారు. ఆ ఒక్క ఏడాదిలోనే గద్దె మీద నలుగురు మారారు. గాల్బా పోయి ఓథో, ఓథో పోయి విటెల్లియస్. ఇంతలో తూర్పున ఉన్న సైన్యాలు వెస్పాసియన్ అనే సేనాపతిని చక్రవర్తి అనేశాయి. ఆయన అన్న సబైనస్ రోములోనే పెద్ద అధికారి. విటెల్లియస్ ఈ పోరు పడలేక దిగిపోతానన్నాడు కానీ ఆయన సిపాయిలే దిగనివ్వలేదు. సబైనస్ కొద్దిమందిని వెంటేసుకుని గుట్టెక్కి తలుపులు బిగించుకున్నాడు.

ఆ రాత్రి ఒకటే వాన. కింద కాపలా ఉన్న విటెల్లియస్ సిపాయిలు పట్టు వదిలేశారు. అదే అదనుగా సబైనస్ తన పిల్లల్నీ, తమ్ముడి చిన్నకొడుకు డొమిషియన్‌నీ పైకి రప్పించుకున్నాడు. కుర్రాడికి పద్దెనిమిదేళ్లు, ఇంచుమించు నీ ఈడు.

తెల్లారాక సిపాయిలు కాగడాలు పట్టుకుని ఎగబడ్డారు. పైనున్నవాళ్లు దారికి అడ్డంగా ఏం పేర్చారో చెప్పుకో చూద్దాం. విగ్రహాలు! పెద్దల కీర్తి కోసం నిలబెట్టినవాటిని ఎక్కడివక్కడ పెకలించి అడ్డం పేర్చేశారు. నిప్పు లోపలివాళ్లు పెట్టారో బయటివాళ్లో అప్పట్లోనే తేల్లేదు. గుడి ముఖాన కప్పుని మోస్తున్నట్టు గద్ద బొమ్మలు ఉండేవి, పాతకాలం చెక్కవి. మంట ముందు వాటిని పట్టుకుంది. ఎండిన చెక్క కదా, ఇంకేం ఆగుతుంది! గుడి మొత్తం బూడిదైంది. సబైనస్ దొరికిపోయాడు, చంపేశారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనం అంటాం. అక్కడ తిరగబడింది. దేవుడి ఇల్లే తగలబడుతుంటే, ఆ గుడి చూసుకునే కాపరి కుర్రాణ్ణి తన గదిలో దాచాడు. అలాంటి కాపరులు పెద్ద గుళ్లన్నిటికీ ఉండేవారు. తాళాలు తియ్యడం, శుభ్రం చేయించడం వాళ్ల పని. కాపురం గుడి పక్క గదిలోనే. తరవాత ఎవరో తెలివైన నౌకరు ఒక ఉపాయం చెప్పాడు. ఐసిస్ అని ఈజిప్టు అమ్మవారుంది, ఆవిడ భక్తులు నారబట్టలు కట్టేవారు. ఆ బట్ట కుర్రాడికి కప్పి భక్తుల గుంపులో కలిపేశారు. ఎవరూ ఆనవాలు పట్టలేదు. గండం గడిచి పిండం బయటపడింది.

అక్కణ్ణించి ఎటు వెళ్లాడంటే ఒకాయన ఒకలా చెబుతాడు, ఒకాయన ఇంకోలా. వెలాబ్రం అనే పేట దగ్గర తండ్రి మనిషి ఇంట్లో దాక్కున్నాడని రోము చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. టైబర్ నది దాటి బళ్లో తనతో చదువుకున్నవాడి తల్లి ఇంటికి చేరాడని ఇంకో చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. పెళ్లి ముచ్చట నలుగురు చెబితే నాలుగు రకాలుంటుంది, ఇది ప్రాణాల మీదికొచ్చిన ముచ్చట.

సరే, ఆ రోజుల్లో బతుకెలా ఉండేదో రెండు మాటలు చెప్పనీ. సిపాయికి ఏడాదికి జీతం 225 వెండి దినారాలు. దినారాకి 16 ఆస్‌లు, అవి చిల్లర నాణేలు. పాంపేయి ఊళ్లో ఒక కొట్టు గోడ మీద ధరలు రాసి ఉన్నాయి. ఒక ఆస్‌కి మామూలు ద్రాక్షసారా, రెండిస్తే ఇంకాస్త మంచిది, నాలుగిస్తే పేరున్న ఫలేర్నియన్ రకం. ఊరుమ్మడి స్నానాల ఇంట్లో స్నానానికి పావు ఆస్. నువ్వు కాఫీకి పెట్టే డబ్బు చూస్తే వాళ్లు గుండె పట్టుకునేవారు! ఆ దినారాలు మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో కూడా భూమిలో బయటపడ్డాయి, అగస్టస్, టైబీరియస్ కాలానివి. ఎక్కడి రోము, ఎక్కడి అక్కనపల్లి! వదిలేస్తే నాణేల వెంటే పోతాను, గుట్ట దగ్గరికి వద్దాం పద.

వెస్పాసియన్ గెలిచి రోముకొచ్చాడు. కాలిన గుడి చోట రాళ్లూరప్పలు తానే భుజాన మోసి పని మొదలుపెట్టాడు. కొడుకు డొమిషియన్ కూడా మొక్కు తీర్చుకున్నాడు. ఎలాగో తెలుసా? ఆ కాపరి గది పడగొట్టి, అదే చోట తనను కాపాడిన జూపిటర్‌కి చిన్న గుడి కట్టాడు. పాలరాతి బలిపీఠం మీద తన తప్పించుకున్న కథంతా చెక్కించాడు. దాచిన చెయ్యి కాపరిది, గుడి దేవుడికి, బొమ్మలు తనవి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా!

81లో తనే చక్రవర్తి అయ్యాడు. ఈసారి కావలి జూపిటర్ పేరుతో ఏకంగా పెద్ద గుడే కట్టించాడు. అందులో దేవుడి ఒళ్లో తన బొమ్మ పెట్టించుకున్నాడు. పసిబిడ్డ అమ్మ ఒళ్లో కూర్చుంటే ముద్దు, అధికారంలో ఉన్న మనిషి దేవుడి ఒళ్లో కూర్చుంటే ఏం ముద్దు చెప్పు? సిపాయిల జీతం 300 దినారాలు చేసింది కూడా ఇతనే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ లోపల భయం పోలేదు. గోడలకు చెవులుంటాయంటారు. ఈయన గోడలకు కళ్లు పెట్టించాడు. వెనక ఎవరొస్తున్నారో కనబడాలని, తాను తిరిగే వసారాల గోడలకు అద్దంలా మెరిసే రాళ్లు తాపడం చేయించాడు.

ఇంత చేసినా 96 సెప్టెంబరు 18న పడగ్గదిలోనే చంపేశారు. స్తెఫానస్ అనేవాడు చేతికి దెబ్బ తగిలిందని కొన్నాళ్లుగా కట్టుకట్టుకు తిరిగాడు. ఆ కట్టులోనే కత్తి. గదిలో గృహదేవతల పూజ చూసుకునే కుర్రాడొకడు ఉన్నాడు. తలగడ కింద కత్తి తెమ్మని రాజు కేకేస్తే, వాడి చేతికొచ్చింది ఉత్త పిడి. వార్త తెలిసి సెనేట్ సభ పెద్దలు నిచ్చెనలు తెప్పించి, కళ్లెదుటే ఆయన బొమ్మలన్నీ పీకించారు.

రాజుల సొమ్ము రాళ్లపాలు అంటారు. డొమిషియన్ కట్టించిన గుడికైతే, ఇవి దానివేనని తేల్చి చెప్పే రాళ్లు కూడా మిగల్లేదు. గుట్ట మీద పెద్ద జూపిటర్ గుడి పునాదులు ఈనాటికీ మ్యూజియంలో చూడొచ్చు. కావలి జూపిటర్ గుడి కచ్చితంగా ఏ మూల నిలబడిందో చెప్పలేక పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అన్నట్టు టాసిటస్ వెలాబ్రం మనిషి పేరు రాసిపెట్టాడు, కొర్నేలియస్ ప్రీమస్ అని. కుర్రాణ్ణి ముందుగా దాచిన కాపరి పేరు మాత్రం రాయలేదు. రాసి ఉంటే ఇందాక కథ మొదలెట్టగానే ఆ పేరే చెప్పేవాణ్ణి నీకు.