గాజు పెట్టెలో కాపురం

లండన్‌లోని అపోతికరీస్ హాల్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త పనిచేసేవాడు. 1849లో ఆయన దాదాపు 55 లీటర్లు పట్టే గాజు పాత్ర తీసుకుని, అడుగున ఇసుక, మట్టి, రాళ్లు వేసి, నీళ్లు నింపి, రెండు చిన్న బంగారు చేపలను వదిలాడు. వాటికి తోడుగా వాలిస్నేరియా మొక్క నాటాడు. నీటి మీద పరాగ సంపర్కానికి ఉదాహరణగా ఇంటర్‌లో మనం బొమ్మ గీసి భాగాలు గుర్తించామే, ఆ మొక్కే. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు మొక్కకు, మొక్క వదిలిన ప్రాణవాయువు చేపకు. లెక్క కుదిరింది. నీళ్లు మార్చాల్సిన పని లేకుండా కొన్నాళ్లు గడిచాయి.

తర్వాత ఆకులు ముదిరి కుళ్లడం మొదలైంది. నీళ్లు మసకబారాయి. గాజుకు లోపలివైపు పచ్చగా పాచి పట్టింది. ఇలాగే వదిలేస్తే చేపలు బతకవని వారింగ్టన్‌కు అర్థమైంది. చెరువుల్లో కుళ్లిన ఆకును ఎవరు తింటారా అని చూసి, కొన్ని నీటి నత్తలను తెచ్చి అందులో వేశాడు. నత్తలు కుళ్లునూ పాచినీ మేసేశాయి. నీళ్లు తేటపడ్డాయి. అవి పెట్టిన గుడ్లను చేపలు తిన్నాయి. 1850లో ఈ సంగతంతా కెమికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ప్రాణులను పెంచే గాజు పెట్టె, అంటే వివేరియం చరిత్రలో ఇంతకన్నా గొప్ప ఘట్టం నాకు కనిపించదు. చేప, మొక్క చాలవని, పాచి తినే మూడో ప్రాణి ఉంటేనే ఆ నీళ్లు నిలుస్తాయని అక్కడ తేలింది.

ఆ గాజు పెట్టెకు అంతకు ఇరవై ఏళ్ల ముందు కథ ఒకటి ఉంది. లండన్ తూర్పు పేటలో వైద్యం చేసే నథానియల్ వార్డ్‌కు ఫెర్న్ మొక్కలంటే ప్రాణం. పెరట్లో ఏది నాటినా బొగ్గు పొగకు మాడిపోయేది. 1829లో ఆయన ఒక చిలక పురుగు గూటిని తడి మట్టిలో పెట్టి, సీసాలో ఉంచి మూత బిగించాడు, రెక్కల పురుగు బయటికి రావడం చూద్దామని. ఆయన ఎదురుచూసింది పురుగు కోసమైతే, మట్టిలోంచి మొలిచింది ఒక ఫెర్న్, ఒక గడ్డి మొక్క. పగలు మట్టిలోంచి లేచిన ఆవిరి గాజుకు తగిలి చుక్కలై మళ్లీ మట్టిలోకే జారుతోంది. బయటి పొగ లోపలికి రాదు, లోపలి తడి బయటికి పోదు. 1833లో ఇలాంటి పెట్టెల్లో మొక్కలు ఓడెక్కి సిడ్నీకి ప్రాణాలతో చేరాయి. ఆ తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి వేలాది తేయాకు మొక్కలను హిమాలయాల తోటలకు పంపింది కూడా వార్డ్ పెట్టెల్లోనే.

1845లో ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను ఎత్తేశారు. దాంతో గాజు పెట్టె మధ్యతరగతి ఇళ్ల ముందు గదుల్లోకి వచ్చింది. 1853 మేలో రీజెంట్స్ పార్క్ జూలో చేపల ఇల్లు తెరిస్తే జనం విరగబడ్డారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకంతో నీటి తొట్టికి ‘అక్వేరియం’ అనే పేరు స్థిరపడింది. ‘వివేరియం’ అన్న పాత మాట క్రమంగా నేలా నీరూ కలిసిన పెట్టెకు మిగిలింది. ఆ మోజులో సముద్రపు ఒడ్డున రాతి గుంటలన్నీ ఊడ్చుకుపోయాయని గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో బాధపడుతూ రాశాడు. తండ్రి పుస్తకాలు చదివి ఒడ్డు మీద పడిన జనమే ఆ పని చేశారు.

సముద్రపు ప్రాణికి ఉప్పునీళ్లు కావాలి. న్యూట్ అనే ప్రాణికి ఊరి కుంట చాలు. అందుకే ఇంగ్లండ్‌లో పిల్లల గాజు సీసాల్లోకి మొదట వచ్చేది అదే. మన తెలుగు నేల మీద ఇది లేదు కాబట్టి పేరూ లేదు. చూడ్డానికి బల్లిలా ఉంటుంది. పొలుసులు ఉండవు, చర్మం తడిగా ఉంటుంది. నిజానికి కప్పకు చుట్టం. బ్రిటన్‌లో మూడు రకాలున్నాయి. 1897లో గ్రెగరీ బేట్‌మన్ అనే మతాచార్యుడు వివేరియం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడంటే, ఆ ప్రాణుల పెంపకం ఇళ్లలో ఎంత పాతుకుపోయిందో ఊహించుకోవచ్చు.

వసంతంలో ఆడ న్యూట్ గుడ్డు పెట్టడం చూడాలి. కప్పలా ముద్దగా పెట్టదు. నీటి మొక్క ఆకును వాసన చూసి, వెనక కాళ్లతో రెండుగా మడిచి, ఆ మడతలో ఒకే ఒక్క గుడ్డు పెట్టి, ఆకు అంచులు అంటుకునే దాకా కాళ్లతో అదిమి పట్టుకుంటుంది. తర్వాత ఇంకో ఆకు, ఇంకో గుడ్డు. కిళ్లీ చుట్టేవాడి వేళ్లు గుర్తొస్తాయి. ఇలా వారాల తరబడి, వందల ఆకులు. ఇంత శ్రద్ధగా దాచిన గుడ్లను పక్కనే ఈదుతున్న మరో న్యూట్ వెతికి తినేస్తుంది. ఒక్కోసారి తల్లే తినేస్తుంది.

కలిపి పెంచడంలో చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. పెద్ద శిఖ న్యూట్ 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అదే తొట్టిలో చిన్న న్యూట్‌ను వేస్తే మేత వేసినట్టే. తోకకప్పల సంగతి చెప్పనక్కర్లేదు. గుడ్ల కాలం అయిపోయాక న్యూట్ నేల మీదికి వచ్చేస్తుంది. నీటి తొట్టిలో నేల లేకపోతే తడి పొట్టను గాజుకు అంటించి నిలువు గోడ ఎక్కేస్తుంది. మర్నాడు ఉదయానికి సోఫా కింద ఎండిపోయి దొరుకుతుంది. ఎండాకాలం గదిలో వేడి ఎక్కితే అసలే తట్టుకోలేదు.

అన్నిటికన్నా పెద్ద సంగతి చర్మం. న్యూట్ నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. కొంత ఊపిరీ చర్మంతోనే. విషం ఉండేదీ ఆ చర్మంలోనే. పడమటి అమెరికాలోని టారిఖా న్యూట్లలో ఉండేది టెట్రోడోటాక్సిన్, పఫర్ చేపలో మనుషుల ప్రాణం తీసే విషమే. ఒకే తొట్టిలో ఉన్న ప్రాణులన్నీ ఒకరి చర్మం నుంచి వచ్చింది మరొకరు చర్మంతో పీల్చుకుంటాయి. దేశం కాని దేశం నుంచి తెచ్చిన రెండు జాతులను అందంగా ఉంటాయని ఒక్క నీళ్లలో వదలడం నేను ఎక్కడ చూసినా కంగారు పడేది ఇందుకే.

ఈ పెంపకంలో చేయి తిరిగినవాళ్లే వియన్నాలో ఒక పరిశోధనాశాల నడిపారు. ప్రాటర్ తోటలో 1873 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన అక్వేరియం భవనంలో 1903లో హాన్స్ ప్రిబ్రామ్, స్నేహితులు దాన్ని స్థాపించారు. ఊళ్లో దాని పేరు ‘వివేరియం’. అందులో పాల్ కామరర్ న్యూట్‌కు చుట్టాలైన సాలమాండర్లను, కప్పలను తరాల తరబడి బతికించాడు. తాను రుజువుగా చూపిన కప్ప నమూనాలో మచ్చ సిరాతో వేసిందని 1926లో బయటపడ్డాక కొద్ది వారాలకే కాల్చుకుని చనిపోయాడు. 1938లో నాజీలు వచ్చాక యూదులైన స్థాపకులను గెంటేశారు. ప్రిబ్రామ్ 1944లో టెరెజీన్ నిర్బంధ శిబిరంలో కన్నుమూశాడు. మరుసటి ఏడు యుద్ధంలో ఆ భవనం కూడా కాలిపోయింది.

నేను పైన చెప్పిన కంగారు నెదర్లాండ్స్‌లో నిజమైంది. ఆ దేశం దక్షిణాన బుండర్‌బోస్ అనే చిన్న అడవి ఉంది. నలుపు మీద పసుపు మచ్చల ఫైర్ సాలమాండర్లకు ఆ దేశంలో మిగిలిన కొద్ది నెలవుల్లో అదొకటి. 2010 నుంచి అక్కడ సాలమాండర్ల సంఖ్య వేగంగా పడిపోసాగింది. 2013కల్లా నూటికి నాలుగు మిగిలాయి. ఘెంట్ విశ్వవిద్యాలయంలో ఆన్ మార్టెల్ బృందం కారణం పట్టుకుంది. చర్మాన్ని తినేసే ఒక శిలీంధ్రం. చర్మం మీద చిన్న చిన్న పుండ్లు, కొద్ది రోజుల్లో చావు. దాని పుట్టిల్లు ఆసియా. ఆసియా న్యూట్లు లక్షల ఏళ్లుగా దానితో బతకడం నేర్చుకున్నాయి. ఒంట్లో ఉన్నా వాటిలో కొన్నిటికి ఏమీ కాదు. పెంపుడు జంతువుల వ్యాపారంలో అవి దేశాలు దాటాయి, వాటితో శిలీంధ్రమూ దాటింది. తొట్టి కడిగిన నీళ్లు కాలువలో పోస్తే చాలు, అది అడవికి చేరడానికి. 2016 జనవరిలో అమెరికా ప్రభుత్వం 201 సాలమాండర్ జాతుల దిగుమతిని ఆపేసింది. ఆ నిర్ణయం ఇంకా ముందే రావాల్సింది అంటాను.

మన దేశంలో తోక ఉన్న ఉభయచరం అంటే టైలోటోట్రైటాన్ ప్రజాతి ఒక్కటే. జువాలజీ చదివినవాళ్లకు పేరు గుర్తుంటుంది. డార్జిలింగ్ కొండల్లో ఉండేదాన్ని 2015లో వేరే జాతిగా గుర్తించి హిమాలయానస్ అని పేరు పెట్టారు. దీన్ని పట్టుకుని ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. తేయాకు తోటలు, ఇళ్లు, రోడ్లు పరుచుకున్న ఆ వాలుల్లో దాని కుంటలు తగ్గిపోతూ వచ్చాయి. తొలకరి పడగానే అది రాళ్ల కింద నుంచి, ఆకుల చెత్తలోంచి లేచి, వీపు మీద రెండు వరసల బుడిపెలతో, తోటల మధ్య మిగిలిన కుంటకు నెమ్మదిగా నడుచుకుంటూ వస్తుంది. నీళ్లలో దిగి, మొక్కలకు గుడ్లు అంటించడం మొదలుపెడుతుంది.